దూదిపోగు తీసేకొద్దీ

మిషన్ ఆగింది.

ఆగిన మిషన్ మీద దూది ఇంకా ఎగురుతూనే ఉంది. రేకుల సందులోంచి పడే ఎండలో తెల్లగా, మెల్లగా, ఎక్కడా దిగబుద్ధి కానట్టు తేలుతోంది. ముక్కులో దూది. కనుబొమ్మల మీద దూది. నాలుక మీద పొడిపొడిగా పత్తిగింజ రుచి.

చెవుల్లో మాత్రం — ఈల.

సన్నటి ఈల. ఎవరూ వేయని ఈల. మిషన్ తిరిగినంతసేపూ ఉండదు, ఆగితే వస్తుంది. పనయిపోయిందని చెప్పే గంట అనుకున్నాడు లాల్ బాషా. ఇరవై రెండేళ్ళుగా అట్లాగే అనుకుంటున్నాడు.

చిత్తూరులో పరుపుల అంగడి అతనిది. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో దూది ఏకే మిషన్. నాయన కాలంలో దూది ఏకడానికి విల్లు ఉండేది. విల్లు పోయి మిషన్ వచ్చింది. ఇప్పుడు స్పాంజి పరుపులొచ్చి మిషన్‌కు కూడా సెలవులిచ్చాయి. వారానికి రెండు రోజులు తిరిగితే గొప్ప.

మిగతా ఐదు రోజులూ నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో వహీదున్నీసా ఉంటుంది.

అతని భార్య. మిషన్‌కు ఆ వైపు ఆమె, ఈ వైపు అతను. ఆమె ముద్ద దూదిని లోపలికి తోస్తుంది, అతను ఏకిన దూదిని ఎత్తుకుంటాడు. పెళ్ళయిన వారానికే అట్లా నిలబడ్డారు, ఈరోజుకీ అట్లాగే నిలబడతారు. అక్కడ నోరు ఎందుకూ పనికిరాదు. ఆపు, వెయ్యి, చాలు, నీళ్ళు... అన్నీ చేతులతోనే.

నోటితో చెప్పాల్సిన మాట ఒకటి ఉండింది. చెప్పాడు కూడా.

అది తెలియాలంటే దానికి ముందు జరిగింది తెలియాలి. పాకాలలో వహీదా తల్లికి బాగాలేదని కబురొచ్చింది. పెళ్ళివారి పరుపులు సగంలో ఉన్నాయి. ఇవి కానిచ్చి రేపు పొద్దున్నే పోదామన్నాడు. ఆమె తలూపింది. దూది తోసింది. సాయంత్రానికి తల్లి పోయింది.

వహీదా అతన్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! తిట్టని మనిషి ముందు ఎక్కడ నిలబడాలో ఎవరికి తెలుస్తుంది?

ఆర్నెల్లు ఆ బరువు మోశాడు. ఒకరోజు ఆమె వంటింట్లో బియ్యం కడుగుతుంటే గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ముఖం చూసి చెప్పే ధైర్యం ఎక్కడిది? వీపు చూసి చెప్పాడు. మెల్లగా చెప్పాడు.

"తప్పయిపోయింది వహీదా. ఆ పొద్దే నిన్ను పిల్సుకోని పోయుండాల్సింది."

ఆమె తిరగలేదు. కడిగిన నీళ్ళు వంచింది. మళ్ళీ నీళ్ళు పోసింది. మళ్ళీ కడిగింది.

అదే జవాబు అనుకున్నాడు.

నాలుగేళ్ళయింది. అన్నం, ఉప్పు, తాళంచెవి. ఆ ఇంట్లో ఇంతకు మించి మాటలు పుట్టలేదు. ఒక మనిషి పక్కనే ఉండగా ఒంటరిగా ఉండడం — అది నేర్చుకోవాలంటే నాలుగేళ్ళు చాలవు. లాల్ బాషాకు ఇంకా రాలేదు.

ఈ హెడ్‌ఫోన్ల పిచ్చి అప్పుడే పట్టుకుంది.

ఎవరో చెవి మెత్తలు చినిగాయని ఒక హెడ్‌ఫోను తెచ్చిచ్చి మళ్ళీ రాలేదు. పరుపులు కుట్టేవాడికి చెవి మెత్తలు ఏపాటి పని! బూరుగు దూది నింపాడు. వెల్వెట్ గుడ్డ తొడిగాడు. కుట్టాడు. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. చెవి మీద కూర్చునే గిన్నె విప్పి చూశాడు. లోపల అర్ధరూపాయి బిళ్ళంత స్పీకరు, రెండు తీగలు, ఇంత స్పాంజి.

ఇక్కడ కూడా స్పాంజే! అతనికి ఒళ్ళు మండింది. పీకి పారేశాడు.

తర్వాత ఆగలేదు. కొయ్యపని చేసేవాళ్ళ దగ్గర మామిడి చెక్కతో గిన్నెలు తోడించుకున్నాడు. మద్రాసు నుంచి స్పీకర్లు తెప్పించుకున్నాడు. పాత తోలు బెల్టుకు మెత్తని కుట్టి తలపట్టీ చేశాడు. తీగలు అతికించడం ఫోనులో చూసి నేర్చుకున్నాడు. వేళ్ళు కాల్చుకున్నాడు. మళ్ళీ అతికించాడు.

గిన్నెల్లో తన చేత్తో ఏకిన దూది నింపాడు. పరుపు ఏళ్ళ మీద అణుగుతుందని పిడికెడు ఎక్కువ పెట్టడం వాళ్ళింటి పద్ధతి. చెయ్యి ఊరుకోక గిన్నెలోనూ అట్లాగే కూరాడు. చెవికీ స్పీకరుకూ మధ్య ఒక పొర పరిచాడు. ఇక చూడాలి — పాట ముసుగుతన్ని పడుకున్నవాడి గొంతులా వచ్చింది.

పోగు తీశాడు. విన్నాడు.

ఇంకో పోగు తీశాడు. విన్నాడు.

వినడానికి అతని దగ్గర ఉన్నది ఒక పాత ఫోను. తీగ గుచ్చుకునే రంధ్రం ఉన్న ఫోను. కొత్తవాటికి అది కూడా లేదు. అందులో తను పట్టుకున్న చప్పుళ్ళు ఉన్నాయి. రేకుల మీద వాన. గుడ్డలోకి దిగే దబ్బనం. వంటింటి కిటికీలో ఫోను పెట్టి మరిచిపోయినట్టు నటించి పట్టుకున్నది ఒకటి... వహీదా పప్పు రుబ్బుతున్న చప్పుడు, గిన్నె దించిన చప్పుడు, ఆమె మట్టిగాజులు.

ఆమెతో మాట్లాడలేడు. ఆమె చప్పుడుతో కూర్చోగలడు. అతనికి అదే మధ్యాహ్నం, అదే పండగ.

కానీ గాజులు మోగడం లేదు. రాళ్ళు తగిలినట్టు మొద్దుగా, దూరంగా ఉన్నాయి. పోగు తీశాడు. కొంచెం దగ్గరికొచ్చాయి. ఇంకో పోగు. ఇంకొంచెం. ఎన్ని రోజులు తీశాడో! చివరికి ముందుపొర మొత్తం తీసేసి, స్పీకరును చెవికి ఎదురుగా తిప్పి పెట్టాడు.

గాజులు మోగాయి.

గలగలా... గలగలా. పెళ్ళయిన కొత్తలో విన్నట్టు. లాల్ బాషా దూది కుప్ప మీద కూర్చుని, ఎవరూ చూడడం లేదు కదా అని, ఏడ్చాడు.

ఆమె చెవులకు పెట్టాలనిపించింది. నువ్వు నాకు ఇట్లా వినిపిస్తావు అని చెప్పకుండానే చెప్పినట్టుంటుంది. ఆ తర్వాత ఆ పాత మాట ఇంకోసారి అడగొచ్చు. ఈసారైనా ఒక జవాబు... కోపంగానైనా సరే.

కానీ ముందు ఎవరైనా ఒకరు బాగుందనాలి. ఆమె ముందు మళ్ళీ తప్పు చేయలేడు.

ఫోనులో ఇట్లాంటి పిచ్చివాళ్ళ గుంపు ఒకటి ఉంది. అందులో పరిచయమైన గిరిప్రసాద్ తిరుపతిలో బ్యాంకు ఉద్యోగి, చప్పుడు మంచిచెడ్డలు తెలిసిన చెవి ఉన్న మనిషి. ఆదివారం బస్సెక్కి వచ్చాడు. చెక్క గిన్నెలు నిమిరాడు. కుట్లు చూసి మెచ్చుకున్నాడు. పెట్టుకున్నాడు.

అర నిమిషం. లాగేశాడు. రెండు చెవులూ అరచేతులతో మూసుకున్నాడు.

"భాయ్, ఏందబ్బా ఇది! సూదులు దూర్సినట్టుండాది."

"గాజులు ఇనపడలేదా సార్?"

"గాజులా? గాజు పగిలినట్టుండాది. నీకు ఇది సుకంగా ఉండాదా?"

ఉందన్నాడు లాల్ బాషా. ఆయన దాన్ని కింద పెట్టాడు. టీ తాగాడు. పోతూ పోతూ, భుజం మీద చెయ్యి వేసి, ఒకసారి చెవులు చూపించుకో అన్నాడు.

హెడ్‌ఫోనును లాల్ బాషా దూదిలోకి విసిరేశాడు. తీగతో సహా, పాత ఫోనుతో సహా.

వారం పోయాక తిరుపతి వెళ్ళాడు. ఆస్పత్రిలో గది లోపల ఒక చిన్న గది. గోడలకంతా స్పాంజి. శత్రువు ఇంట్లో కూర్చోబెట్టారు! నిస్సీ అనే అమ్మాయి చెవులకు హెడ్‌ఫోను తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమంది. నొక్కాడు. నొక్కాడు. తర్వాత... ఎదురుచూశాడు. అద్దం అవతల ఆమె చేతులు పని చేస్తూనే ఉన్నాయి. అతనికి తన ఈల తప్ప ఏమీ లేదు.

అతని హెడ్‌ఫోను సంగతంతా విని, ఆమె కాగితం చూపించింది. గీత కొంత దూరం తిన్నగా నడిచి, కొండ మెట్లు దిగినట్టు కిందికి దిగిపోయింది.

"సన్న శబ్దాలు మీకు పోయినాయన్నా. మీ చెవికి సరిపోయేటట్టు మీ హెడ్‌ఫోన్లో వాటిని పెంచుకుంటా పోయినారు. మామూలు చెవికి అది అరుపే. మిషన్ దగ్గర అన్నేండ్లు నిలబడితే అంతే." గొంతు తగ్గించి, అతనికి వినపడదని గుర్తొచ్చి మళ్ళీ పెంచింది. "ఎవురన్నా మెల్లిగా మాట్లాడినా, ఎనక నుంచి మాట్లాడినా మీకు మాట తెలీదు. చూసుకోండి."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. చెవులు పోయినవాడు దిగులుపడాలి. అతను దిగులుపడలేదు. పూతలపట్టు దాటేసరికి నిస్సీ అన్న మాట ఒకటి పట్టుకుంది.

ఎనక నుంచి మాట్లాడితే తెలీదు.

ఆ రోజు వహీదా వీపు అటు. ముఖం బియ్యం వైపు. ఆమె ఏదో అనే ఉంటుంది. మెల్లగా అని ఉంటుంది. పోనీలే అని ఉంటుంది. తనకే వినపడలేదు! నాలుగేళ్ళు, ఆమె అప్పుడే చెప్పేసిన జవాబు కోసం ఎదురుచూశాడు. ఎంత పిచ్చివాడు! నవ్వొచ్చింది. పక్క సీటు ఆవిడ కొంగు సర్దుకుని కాస్త అటు జరిగింది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం.

"వహీదా!"

పలకలేదు. అంగడి దాటి లోపలికి వచ్చాడు.

ఆమె దూది కుప్ప పక్కన కూర్చుని ఉంది. తల మీద తోలు పట్టీ. చెవుల మీద మామిడి చెక్క గిన్నెలు. ఒళ్ళో పాత ఫోను. సర్దుతుంటే దొరికినట్టుంది. కుడిచెయ్యి పైకెత్తి మెల్లగా ఆడిస్తోంది. ఒక గిన్నె పక్కకు జరిపి, చెవి దగ్గర గాజులు ఆడించి, విని, తల అడ్డంగా ఊపి, మళ్ళీ గిన్నె పెట్టుకుంటోంది.

అతన్ని చూసింది. తప్పు చేస్తూ దొరికిపోయినట్టు కాదు, చిన్నపిల్లలా నవ్వింది. ఎన్నాళ్ళకో.

"ఇవి నా గాజులేనా? దీంట్లో ఎంత బాగా మోగతా ఉండాయి సూడు! చేతికుండేటివి మోగనే మోగవు. ఈ మజ్జన గాజులు సరింగా చెయ్యడంలా అనుకుంటి నేను."

గాజులు సరిగ్గా చేయడం లేదట.

లాల్ బాషా కదల్లేదు. బ్యాంకు మనిషి అర నిమిషం ఓర్చుకోలేని చప్పుడు. సూదులు దూర్చినట్టున్న చప్పుడు. ఆమె హాయిగా, తలాడిస్తూ వింటోంది. లోకంలో ఒక్కరికైనా నచ్చాలని ఎంత కోరుకున్నాడు! నచ్చింది. ఇప్పుడు ఆమె ముఖం చిట్లించి, అబ్బా అని, విసిరికొట్టి ఉంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంటోంది.

మిషన్‌కు ఆ వైపు ఎవరు నిలబడ్డారు? ఇన్నేళ్ళూ? తన చెవుల కోసం తిరుపతి దాకా వెళ్ళినవాడికి, చేతికందే దూరంలో ఉన్న చెవులు గుర్తుకు రాలేదు.

బస్సులో పుట్టిన ఆశ అక్కడే కూలబడింది. ఆమె పోనీలే అనలేదు. ఏమీ అనలేదు. ఆ మాట ఆమెకు వినపడనే లేదు. ఆమెకు తెలిసినంతవరకు, తల్లిని చివరిచూపు చూడనివ్వని మొగుడు నాలుగేళ్ళయినా ఒక్కసారి, ఒక్కసారి కూడా, తప్పయిందని అనలేదు. అయినా వండిపెట్టింది. అయినా దూది తోసింది.

ఇప్పుడు చెప్పాలి. ఎట్లా? వీధిలోకి వినపడేటట్టు అరిస్తేగాని ఆమెకు అందదు. అరిస్తే ఆ మాట ఆ మాటలా ఉండదు. ఇరుగుపొరుగు జగడమనుకుంటారు. ఆమె కూడా అనుకుంటుంది.

ఆమె ఒళ్ళోంచి పాత ఫోను తీసుకున్నాడు. తీగ లాగాడు. మిషన్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

మొదటిసారి గొంతు రాలేదు. ఫోనులో ఉత్త ఊపిరి పడింది. చెరిపేశాడు. రెండోసారి ఫోనును పెదవులకు ఆనించుకుని, మెల్లగా, ఆ రోజు చెప్పినంత మెల్లగానే చెప్పాడు. ఆ రోజు చెప్పని మాటలు కూడా రెండు వచ్చాయి. అవి ఆమెకు మాత్రమే.

తిరిగొచ్చాడు. తీగ గుచ్చాడు. ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి వీపు కాదు, ముఖం.

మీట నొక్కాడు.

అతనికి ఏమీ వినపడదు. ఆమె నవ్వు ఇంకా పెదవుల మీదే ఉంది, ఇంకో గాజుల చప్పుడు వస్తుందేమోనని. తర్వాత పోయింది. కళ్ళు అతని మీదినుంచి జారి, నేల మీద ఎక్కడో ఆగాయి. చేతులు ఒళ్ళో పడ్డాయి.

అయిపోయింది. ముప్పై సెకన్ల మాట. ఆమె హెడ్‌ఫోను తీయలేదు. తలెత్తలేదు. ఏడుపు కాదు, కోపం కాదు — ఆ ముఖాన్ని చదవడం అతనికి రాలేదు. ఇన్నేళ్ళు ఎదురెదురుగా నిలబడి, ముఖం చదవడం నేర్చుకోలేదు!

"ఇంకోసారి పెట్టు" అంది.

చెవులు మూసుకున్నవాళ్ళు అరిచినట్టే అరిచింది. వీధిలోకి వినపడి ఉంటుంది. అతనికీ స్పష్టంగా వినపడింది.

పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుంది. రెండు గిన్నెలూ రెండు చేతులతో చెవులకు అదిమి పట్టుకుంది. అతను ఎదురుగా కూర్చుని, తన మాట తనకు వినపడని చోట కూర్చుని, చూస్తున్నాడు.

అయిపోయింది.

"ఇంకోసారి."