స్పేర్ గడిలోని పేరు

బస్సు డిపోలో డ్యూటీ చార్టులు రాసే గుమాస్తాకు ఇల్లు కూడా ఒక చిన్న డిపోలాగే కనిపించేది. ఎవరు ఎప్పుడు బయలుదేరాలి, ఎవరి తర్వాత ఎవరు స్నానానికి వెళ్లాలి అన్న సంగతులు గళ్లు గీసిన కాగితం మీదికి ఎక్కితే తప్ప అతనికి నమ్మకం కుదరదు. కుటుంబమంతా ఏటా వేసవి సెలవుల్లో ఏదో ఒక నది ఒడ్డు పార్కులో క్యాబిన్లు తీసుకుని మూడు రోజులు గడిపి రావడం నాలుగేళ్లుగా సాగుతున్న ఆనవాయితీ. ఆ ప్రయాణానికీ అతను చార్టు రాసేవాడు.

ఈసారి వెళ్లేవారు ఎనిమిది మంది: గుమాస్తా, అతని భార్య, పన్నెండేళ్ల కూతురు, తల్లి; ఊరికి అవతలి చివర కాపురముండే తమ్ముడు, తమ్ముడి భార్య, వారి పిల్లలిద్దరు. రెండు పార్కులను ఎదురెదురుగా పెట్టి పదిరోజులు తర్కించారు. ఎగువ పార్కులో నీడ ఎక్కువ. అయితే అక్కడ నది రాళ్ల మధ్య పరుగెత్తుతుంది, పిల్లలను దింపడానికి వీల్లేదు. దిగువ పార్కులో క్యాబిన్లు పాతవి, వాటికి తాళాలు సరిగా పడవు, నాలుగేసి క్యాబిన్లకు కలిపి ఒకటే కుళాయి, వంట ఆరుబయట ఇనుప పొయ్యి మీదే. కానీ అక్కడ నీళ్లు మోకాలి లోతున నిదానంగా పోతాయి. పైగా రెండో రోజు ఉదయం ఆరున్నరకు ఒక పడవ, కొంగలు గూళ్లు కట్టుకున్న దిబ్బ దాకా తీసుకెళ్లి తీసుకొస్తుంది. పిల్లలు పడవ పేరు వినగానే ఎగువ పార్కు ఓడిపోయింది.

పడవకు ఒక నియమం ఉంది. ఒక్కో కుటుంబానికి ఏడు చోట్లే ఇస్తారు. ఆ ఏడుగురి పేర్లూ ఆదివారం సాయంత్రం ఆరు గంటల్లోపు పార్కు కార్యాలయానికి పంపాలి; తర్వాత మార్చరు.

ఎనిమిదో మనిషి సంగతి ఎవరూ చర్చించలేదు. చర్చించవలసిన విషయమని ఎవరికీ తోచలేదు.

శుక్రవారం సాయంత్రం గుమాస్తా చార్టు తెచ్చి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. ఎడమవైపు ఎనిమిది మంది, పైన మూడు రోజులు, గంటల వారీగా గళ్లు. తల్లికి నడక, విశ్రాంతి. తమ్ముడికి ఈత, చేపల గాలం. పిల్లలకు అన్నీ. తనకు “పర్యవేక్షణ.” భార్య పేరుకెదురుగా మూడు రోజుల గళ్లనూ కలిపి ఒకటే గీత గీసి, దాని మీద “స్పేర్” అని రాశాడు. డిపోలో స్పేర్ అంటే తనకంటూ ఏ బస్సూ లేని మనిషి. ఎవరు రాకపోతే వారి పనికి ఆ మనిషిని పంపుతారు. ఎవరూ పిలవకపోతే పిలుపు కోసం కాచుకుని కూర్చోవాలి. పడవ గడిలో ఏడు పేర్లున్నాయి. భార్య పేరు లేదు.

చార్టు అడుగున అతను ఎప్పటిలాగే రాశాడు: “అభ్యంతరాలుంటే ఆదివారం అయిదింటిలోపు రాతపూర్వకంగా తెలపవలెను.” డిపోలో ఇది నిజమైన పద్ధతి. చార్టును మూడు రోజులు బోర్డు మీద ఉంచుతారు, ఎవరైనా సంతకంతో అభ్యంతరం రాయవచ్చు, గుమాస్తా దాని కిందనే జవాబు రాసి తీరాలి. ఇంట్లో అది వేడుకకు రాసే మాట. నాలుగేళ్లలో వచ్చినది ఒకే ఒక అభ్యంతరం. అన్నగారి గురకకు జడిసి తమ్ముడు వేరే క్యాబిన్ కోరాడు. గుమాస్తా నవ్వుతూ “ఆమోదించడమైనది” అని రాసి సంతకం పెట్టాడు.

భార్య కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనిచేస్తుంది. వెంట్రుకవాసి తేడాను పట్టుకోవడం ఆమె వృత్తి. శనివారం పనికి వెళ్లేముందు ఆమె చార్టు ముందు కాసేపు నిలబడి, పెన్ను తీసి, చిన్న అక్షరాలతో రాసింది:

“మూడు రోజులూ వరుసగా స్పేర్. గత నాలుగేళ్లూ ఇంతే. రెండు రోజులకు మించి ఎవరినీ వరుసగా స్పేర్‌లో ఉంచరాదన్న నిబంధనకు విరుద్ధం. పడవలో నాకు చోటు కావాలి.”

కింద సంతకం, తేదీ.

ఆ నిబంధన డిపోలో ఊరికే రాలేదు. నోరులేని డ్రైవర్లను వారాల తరబడి స్పేర్‌లో కూర్చోబెడుతున్నారని పై అధికారులతో ఏడాదిపాటు పోరాడి దాన్ని సాధించింది ఈ గుమాస్తానే. డ్రైవర్లు ఇప్పటికీ అతను ఎదురైతే లేచి నిలబడతారు. ఆ పోరాటం కథను అతను భోజనాల దగ్గర ఇంటిల్లిపాదికీ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెబుతున్నంతసేపూ వడ్డించినది ఎవరో మాత్రం అతనికి గుర్తులేదు.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడి కుటుంబం వచ్చింది. మంచినీళ్ల కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్లిన తమ్ముడు గట్టిగా నవ్వాడు.

“అన్నయ్యా, నీ డిపోలో సమ్మె మొదలైంది చూడు! వదిన నోటీసిచ్చింది.”

“చూశాలే,” అన్నాడు గుమాస్తా. “సరదాకి రాసుంటుంది.”

“సరదాకి తేదీ వేస్తానా?” వంటింట్లోంచి భార్య గొంతు వినిపించింది.

“అదేంటి వదినా, అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇన్నేళ్లూ అడక్కుండా ఇప్పుడు రాతకోతలేంటి?”

ఆమె గరిట చేత్తో పట్టుకునే గుమ్మం దాకా వచ్చింది. “వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు మరిదిగారూ. నాలుగేళ్లనుంచి నాకు అసలు బంతే దొరకలేదు. అందుకే రాశాను.”

“నువ్వు లేకపోతే అక్కడ ఒక్క పనీ కదలదు. అది గౌరవం కాదా?” అన్నాడు గుమాస్తా.

“ఆ మాటే మీ పెద్ద ఆఫీసరు మీ డ్రైవర్లతో అన్నాడని చెప్పారు. అప్పుడు మీరేమన్నారు?”

గుమాస్తా ఏమన్నాడో ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. కూతురు మంచం మీదనుంచి ఫోను చూస్తూనే అప్పజెప్పింది: “‘గౌరవం కడుపు నింపదు సార్, వంతు ఇవ్వండి.’ కదా నాన్నా?”

తమ్ముడి భార్య నవ్వు ఆపుకోలేక పిల్లవాడి చొక్కా బొత్తాలు సరిచేయసాగింది.

భోజనాలయ్యాయి. గడియారం నాలుగు దాటింది. గుమాస్తా కాగితం ముందు నిలబడి, కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న తల్లివైపు చూశాడు. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పి.

“అమ్మా, నీకు పడవెక్కి దిగడం కష్టమేమో కదా. నువ్వు క్యాబిన్లో హాయిగా పడుకుంటే…”

“కష్టమే. అయినా ఎక్కుతాను,” అంది పెద్దావిడ.

“అది కాదమ్మా, నీ చోటు తనకిస్తే గొడవ ఉండదని.”

“గొడవ ఉండదు, తప్పు ఉంటుంది. నేను దిగిపోతే నీ తప్పు దిద్దినట్టు కాదురా, దుప్పటి కప్పినట్టు. రేపు నలుగురూ ఏమంటారు? అత్తగారు త్యాగం చేసింది, కోడలు పడవెక్కింది అంటారు. అమ్మాయి త్యాగం అడగలేదు. వంతు అడిగింది.”

“మరి ఎవర్ని దింపమంటావు?”

“చార్టు రాసింది నేను కాదు.” ఆమె కోడలివైపు తిరిగింది. “తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నేను ఒప్పుకుంటున్నానమ్మాయ్. నాలుగేళ్లూ నది ఒడ్డున కూర్చుని వేడి టీ తాగాను. నువ్వెక్కడున్నావని ఒక్కసారీ అడగలేదు.”

కోడలు పళ్లెం తుడవడం ఆపింది.

గుమాస్తా తమ్ముడివైపు చూశాడు. తమ్ముడు రెండు చేతులూ ఎత్తాడు. “నావైపు చూడకన్నయ్యా. నాకు పొయ్యి అంటించడం కూడా రాదు.”

“నాకు మాత్రం వచ్చా?”

“రాకపోతే నేర్చుకో,” అంది తల్లి. “పెళ్లైన కొత్తలో ఈ పిల్లకీ రాదు. అప్పుడు నువ్వు నవ్వావు, నాకు గుర్తుంది.”

ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోత అన్న సామెత గుమాస్తాకు తెలియనిది కాదు. అది తనకు అన్వయిస్తుందని అంతవరకూ తట్టలేదు, అంతే. అయిదుకు పది నిమిషాలుండగా అతను పెన్ను తీశాడు. పడవ గడిలో తన పేరు కొట్టేసి భార్య పేరు రాశాడు. ఆమె గీతను రెండో రోజు దగ్గర తెంచి, ఆ రోజుకు స్పేర్ గడిలో తన పేరు రాశాడు. అక్కడితో ఆగి, తలగోక్కున్నాడు.

“ఇంతకీ ఆ రోజు నేనేం చెయ్యాలి?”

“స్పేర్ అంటే తెలియదా మీకు?”

“పనులేమిటో చెప్పు, రాసుకుంటాను.”

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. కుళాయి దగ్గర వరస ఏర్పడకముందే రెండు బకెట్లు పట్టుకోవాలి. రాత్రి మంచుకు తడవకుండా కట్టెలు క్యాబిన్లోకి తెచ్చి ఉంచాలి. అత్తయ్య మాత్రలు తినకముందొకటి, తిన్నాక రెండు. చిన్నపిల్లకు గుడ్డు ఉడికినా సొన గట్టిపడకూడదు. ఆరేసిన తువ్వాళ్లు గాలికి పోకుండా రాయి పెట్టాలి. పెట్టిన రాయి మళ్లీ తీసి పక్కన పెట్టాలి, లేకపోతే ఎవరో ఒకరు తన్నుకుని పడతారు. గడి నిండిపోయింది. అతను కింద ఇంకో కాగితం అంటించాడు. అదీ సగం దాటాక చెయ్యి నొప్పెట్టి ఆపాడు.

“ఇవన్నీ ఒక్క రోజుకేనా?”

“సగం పడవ తిరిగొచ్చేలోపే.”

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. “అన్నయ్యా, మూడో రోజుకి నా పేరు కూడా రాసేసుకో. లేకపోతే మా ఆవిడ కూడా అభ్యంతరం రాసేలా ఉంది.”

“రాసే ఉంచాను, చూసుకోండి,” అంది అతని భార్య. నిజంగానే చార్టు మూలన పెన్సిలుతో రెండు ముక్కలున్నాయి. ఎప్పుడు రాసిందో ఎవరూ గమనించలేదు.

గుమాస్తా అభ్యంతరం కింద “ఆమోదించడమైనది” అని రాసి సంతకం పెట్టాడు. భార్య వచ్చి, దుకాణంలో అద్దాన్ని వెలుతురుకు పెట్టి చూసినట్టు, దాన్ని దగ్గరగా చూసింది.

“తేదీ వెయ్యండి.”

“ఇంట్లో కూడా తేదీయేనా?”

“తేదీ లేని ఆర్డరు చెల్లదని మీరే చెప్పారు.”

అతను తేదీ వేశాడు. కూతురు ఏడుగురి పేర్లూ పైకి చదువుతూ పార్కు కార్యాలయానికి పంపింది. తన అమ్మ పేరు దగ్గర అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకుంది. ఆరు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.

భార్య గదిలోకి వెళ్లి బీరువా పైనుంచి ప్రయాణం సంచి దింపింది. నాలుగేళ్లుగా అందులో మొదట పడేవి అందరి తువ్వాళ్లూ, వంట గిన్నెల మూతలూ. ఈసారి ఆమె అట్టపెట్టెలోంచి నీళ్లలో నడిచే రబ్బరు చెప్పులు తీసింది. మొదటి ప్రయాణానికి ముందు కొన్నవి. అడుగున ఇంకా దుకాణం చీటీ అంటుకునే ఉంది. గోటితో ఆ చీటీని జాగ్రత్తగా ఒలిచి, చెప్పులు సంచి అడుగున పెట్టింది.

వంటింట్లోంచి గుమాస్తా కేక వేశాడు. “ఏమేవ్, పొయ్యి అంటించేటప్పుడు గాలి ఎటువైపు ఉండాలి?”

ఆమె సంచి జిప్పు సగం లాగి, లేచి వెళ్లింది.