మా ముందు గది బహిరంగ స్థలం

పొద్దున్నే నేను కడిగే మొదటి సామాను నిన్నటి టీ సాసర్లు. మా ఇంట్లో యాష్‌ట్రే లేదు. ఉండకూడదు. ఎవరైనా వచ్చి చూస్తే? ఈ ఊళ్ళో బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించిన ఆఫీసరు మా ఆయనే కదా! అంచేత నా టీ సాసర్లు, సబ్బు పెట్టె మూత, ఒకసారైతే నేను మందుబిళ్ళలు పెట్టుకునే చిన్న గిన్నె. బూడిద తడిస్తే బంకలా పట్టుకుంటుంది. పీచుతో రుద్ది, మళ్ళీ రుద్ది, ఎండలో బోర్లించినా ఆ కంపు వదలదు. అదే సాసర్లో కప్పు పెట్టి టీ ఇస్తే ముక్కు చిట్లించి, "సాసరు కడగడం కూడా రాదా నీకు?" అన్నాడు నిన్న. ఎదురుగా ఉంటే "అన్నారు" అంటాను లెండి. ఇక్కడ చెప్పుకునేది నా మాట కాబట్టి "అన్నాడు" చాలు.

పెళ్ళికి ముందు నేను టైపిస్టుని. పెళ్ళయ్యాక ఉద్యోగం మానిపించారు కానీ టైపు మానిపించలేదు. ఆయనగారి మునిసిపల్ ఆఫీసు కాగితాలు కూరగాయల సంచీతో పాటే ఇంటికొస్తాయి. కూర పొయ్యి మీద పెట్టి ఒక పేజీ, అన్నం వార్చి ఇంకో పేజీ. పదిహేడేళ్ళుగా ఆ ఆఫీసు ఆరోగ్య విభాగం నుంచి బయటికెళ్ళిన ప్రతి ఉత్తర్వూ మా ఇంటి పోపు వాసన వేసి ఉంటుంది. నేను టైపు చేసిన ఉత్తర్వేదీ అతను చదవడు. ఎక్కడ సంతకం పెట్టాలో నేను వేలు పెట్టి చూపిస్తాను, అతను పేపరు చదువుకుంటూనో ఫోను మాట్లాడుతూనో గీకేస్తాడు. ఇదీ మా పని పద్ధతి. దీన్నే అతను స్నేహితుల దగ్గర "మా ఆవిడ మీద నాకంత నమ్మకం" అని చెప్పుకుంటాడు.

పొగ నిషేధం కాగితాలూ నేనే టైపు చేశాను. నిషేధం తప్పని నేననను. పసిపిల్లని ఎత్తుకుని బస్సు కోసం నిలబడ్డ తల్లి మొహం మీదికి పొగ ఊదే వాళ్ళని చూసి నేనెన్నిసార్లు పళ్ళు నూరుకున్నానో! అందుకే ఒళ్ళు దాచుకోకుండా చేశాను ఆ పని. ఒకనాడు అతను కాగితాలు బల్ల మీద కొట్టి, "బహిరంగ స్థలమంటే ఏమిటని రాసి చావాలి? రోడ్డు, బస్టాండు, ఆఫీసు అని రాస్తే టీ కొట్టువాడు వెనక గదిలోకి పోయి తాగుతాడు" అన్నాడు. నేను గరిట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చి ఒక్క వాక్యం కొట్టాను. "చదువు" అన్నాడు. చదివాను. "పని మీదనో వ్యాపారం మీదనో బయటివారు వచ్చిపోయే ప్రతి చోటూ, దానితో ఒకే కప్పు కింద ఉన్న ప్రతి గదీ బహిరంగ స్థలమే." వారం తిరక్కుండా ఇంటికొచ్చి చెప్పాడు: "నేను రాసిన వాక్యం చూసి మా పెద్దాఫీసరు మురిసిపోయాడు తెలుసా? ఎలక్కూడా తప్పించుకోలేదన్నాడు." నేను రాసిన వాక్యమట! ఎవరితోనో చెప్పుకుంటే సరేననుకుందును. నాతోనే చెప్పాడు మహానుభావుడు, కళ్ళార్పకుండా.

నిషేధం వచ్చింది. బస్టాండు బాగుపడింది, ఆసుపత్రి మెట్లు బాగుపడ్డాయి, గోడగోడకీ అతని ఫోటో ఎక్కింది, కింద "నేను తాగను, మీరూ తాగకండి" అని. ఆ ఫోటో పుణ్యమా అని ఊళ్ళో ఎక్కడా అగ్గిపుల్ల గీసే దారి లేకుండా పోయింది అతనికి. అంతకు ముందు ఆఫీసులో పది, టీ కొట్టు దగ్గర ఎనిమిది, ఇంట్లో రెండు. ఇప్పుడు ఇరవైకి ఇరవై ఇంట్లోనే. అదీ వీధి తలుపూ, కిటికీలూ బిగించుకుని. "కిటికీ వెయ్. పక్కింటివాళ్ళకి వాసనపోతే నా పరువేం కాను?" మావి మూడే గదులు. పడగ్గదిలో అతను కాలుస్తాడు, ముందు గదిలో నేను టైపు చేస్తాను, వంటింట్లో మళ్ళీ నేనే ఉంటాను. మధ్యలో ఉన్నవి గుమ్మాలే, తలుపుల్లేవు.

ఏడాది గడిచేసరికి దగ్గు పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం, బట్టలు పిండితే ఆయాసం. పక్క కుర్చీలో కూచునే మా అత్తగారికి నా దగ్గుతో పెద్ద కష్టమే వచ్చిపడింది. "కాస్త అవతలికెళ్ళి దగ్గమ్మా, సీరియల్లో మాటలు వినపడి చావట్లేదు" అనేది. పొగ మాటెత్తితే, "మగాడన్నాక ఏదో ఒక అలవాటుండదా? వాడేమన్నా వీధుల్లో తాగుతున్నాడా? బుద్ధిగా ఇంటికొచ్చి తాగుతున్నాడు" అని వెనకేసుకొచ్చేది. ఆవిడ మంచం మాత్రం వెనక వరండాలో, గాలికి. కొడుకే వేయించాడు, అమ్మకి పొగ పడదని.

దగ్గులో ఎరుపు కనపడ్డాక ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఊపిరితిత్తుల డాక్టరమ్మ చిన్న వయసే. వెనక గోడ మీద అతని పోస్టరు. "అయ్యో సార్, మీరా!" అని లేచి నిలబడింది. తరవాత నా ఎక్స్‌రే దీపానికి పెట్టి చాలాసేపు చూసి, నా వైపు తిరిగి, "రోజుకి ఎన్ని?" అంది.

"ఏం ఎన్నండీ?"

"సిగరెట్లు."

నేను అతని వైపు చూశాను. చెప్తాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను, అదీ నా తెలివి. అతను తల వంచుకుని, వేళ్ళతో నుదురు రుద్దుకుని, గుండెల నిండా ఒక నిట్టూర్పు విడిచాడు. "ఎంత చెప్పినా వినదు డాక్టరుగారూ. నేనూరంతా మాన్పించగలిగాను కానీ..."

నోరు తెరిచాను. మాట రాలేదు, దగ్గొచ్చింది. పాడు దగ్గు, మా అత్తగారన్నట్టు సమయం సందర్భం లేని దగ్గు. అది ఆగి నేను కళ్ళు తుడుచుకునేసరికి ఆవిడ నా చీటీ మీద "పొగ తాగుతుంది" అని రాసి కింద రెండు గీతలు గీసేసింది. "ఈ పొగ ఇంకో ఏడాది సాగితే సిలిండరు పక్కన పెట్టుకుని బతకాలమ్మా. ఇంత మంచి భర్తని పెట్టుకుని ఇదేం పని?" అంది.

ఆసుపత్రి బయట అడిగాను, "ఎందుకలా చెప్పారు?" అని. బండి తాళం తిప్పుతూ అన్నాడు: "నీకేం పోయింది చెప్పు? నీకు ఉద్యోగమా, పేరా? ఇంట్లో ఉండేదానివి. ఆ మాట నా మీద పడితే రేపు పేపర్లో ఎక్కుతాను." నా ఊపిరి పోతోంది, ఆ మాటే అన్నాను. "అబ్బా, ప్రతిదానికీ పెద్ద మాటలు" అన్నాడు. ఇంటికొచ్చి కిటికీలు వేయించి ఒకటి ముట్టించాడు. పాపం, మనసు బాగాలేదు కదా.

ఆ అబద్ధం ఊళ్ళో నాకంటే ముందు నడిచింది. ఆడపడుచు ఫోను చేసి, "సిగ్గు లేదూ వదినా, అన్నయ్య తల ఎక్కడ పెట్టుకోవాలి?" అంది. అంతా ఎరిగిన అత్తగారు కూడా వచ్చినవాళ్ళ ముందు బుగ్గలు నొక్కుకుని, "మా కర్మ" అనేది. బస్సులో పక్కనావిడ నా బట్టల వాసన చూసి సర్దుకుని కూచునేది. ఒకరోజు ఒంటరిగా డాక్టరమ్మ దగ్గరికెళ్ళి, "నేను తాగనండీ, ఒట్టు, ఆయనే తాగుతారు" అన్నాను. ఆవిడ జాలిగా నవ్వింది. "అందరూ ఇలాగే ఎవరో ఒకరి మీద పెడతారమ్మా. మీ జుట్టూ, బట్టలూ వాసనేస్తున్నాయి. మీవారు మీకోసం ఎంత కుమిలిపోతున్నారో నాకు తెలుసు." ఆవిడ తెల్లకోటు జేబు ఒక పక్క చిరిగి వేలాడుతోంది. దాన్నే చూస్తూ కూచున్నాను.

నిషేధానికి రెండో ఏడు నిండిందని సభ పెట్టారు. అతని ఉపన్యాసం నేనే టైపు చేయాలి కదా. మూడో పేజీలో నేనున్నాను. "ఈ మహమ్మారి నా ఇంట్లోనే దూరింది, నా భార్యనే కబళించబోయింది, ప్రేమతో మాన్పించాను" అని ఉంది. చేతులాగాయి. "ఆగావేం? కొట్టు" అన్నాడు మంచం మీంచి. కొట్టాను. "ఇప్పుడా పేరా పైకి చదువు, జాలి సరిపోయిందో లేదో చూద్దాం" అన్నాడు. చదివాను. "'కన్నీళ్ళతో' అని చేర్చు" అన్నాడు. చేర్చాను.

సభలో నన్ను వేదిక మీద కూచోబెట్టారు. అతను చదివాడు, కన్నీళ్ళ దగ్గర గొంతు కూడా వణికింది. నాకిచ్చిన రెండు ముక్కలూ నేను చదివాను: "నేను మానేశాను. మీరూ మానండి." చప్పట్లే చప్పట్లు. ఎవరో పెద్దావిడ వీపు నిమిరి, "మంచిపని చేశావు తల్లీ, ఆడదానికవేం పాడలవాట్లు" అంది. తల కొట్టేసినట్టయింది. అప్పుడే పెద్దాఫీసరు లేచి, ఈ ఉత్తర్వు గొప్పతనమంతా ఒక్క వాక్యంలో ఉందంటూ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు: "బయటివారు వచ్చిపోయే ప్రతి చోటూ, దానితో ఒకే కప్పు కింద ఉన్న ప్రతి గదీ." నా వాక్యం. నా వంటింట్లో పుట్టిన వాక్యం మైకులో విన్నాను. అక్కడే, ఆ కుర్చీలోనే, మా ఇంటి గదులు లెక్కపెట్టుకున్నాను. ముందు గది, పడగ్గది, వంటిల్లు. కప్పు ఒక్కటే.

ఇంట్లో చిన్నపాటి వ్యాపారం పెట్టుకోవాలంటే ఆరోగ్య విభాగం అనుమతి కావాలి. అలాంటి అనుమతి పత్రాలు నెలకి పాతిక ముప్ఫై నేనే కొడతాను. మర్నాడు ఇరవై ఆరు కొట్టి, పధ్నాలుగోది నాది పెట్టాను: నా పేరు, మా ఇంటి నంబరు, బట్టలు కుట్టే దుకాణం. అతను ఆడపడుచుతో ఫోనులో నా గురించే మాట్లాడుతున్నాడు. "ఏం చేస్తాం, నా ఖర్మ" అంటూ, నేను వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టుకుంటూ పోయాడు. పధ్నాలుగోదాని మీదా అలాగే వేలు పెట్టాను. అతని కలం ఆగలేదు.

మూలపడి ఉన్న నా కుట్టుమిషను ముందు గదిలోకి లాగాను. "గదికి అడ్డంగా ఇదేమిటి?" అని విసుక్కున్నాడు, అంతే. డాక్టరమ్మకి ఫోను చేశాను. "మీ కోటు జేబు కుట్టిపెడతానండీ. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి రండి, ఆ వేళకి మా ఇంట్లో అందరం ఉంటాం" అన్నాను. పాపం, నేను బాగుపడుతున్నానని ఆవిడకెంత సంతోషమో!

ఆదివారం ఏడున్నరకి కుట్టు దుకాణం బోర్డు గుమ్మానికి తగిలించాను. అనుమతి పత్రం మిషను పైన గోడకి అంటించాను. తలుపు బార్లా తీశాను. ఎనిమిదింటికి డాక్టరమ్మ వచ్చింది, చేతిలో రెండు తెల్లకోట్లు. స్టూలు వేశాను. పడగ్గదిలో అతను మొదటి టీ తాగి, దాని వెనకాల మొదటిది ముట్టించే సమయం. "ఏయ్, సాసరేదీ?" అని కేక. నేను సూదిలోకి దారం ఎక్కించాను. "చెవుడా నీకు?" అంటూ లుంగీతో, వేళ్ళ మధ్య సిగరెట్టుతో గుమ్మంలోకొచ్చాడు.

డాక్టరమ్మని చూశాడు. మరుక్షణం చరచరా వచ్చి, నా మణికట్టు పట్టుకుని, కాలుతున్న సిగరెట్టు నా వేళ్ళ మధ్యకి దూర్చాడు. నిప్పు చూపుడువేలికి చురుక్కుమంది. "మళ్ళీ మొదలెట్టావా?" అని అరిచాడు. "డాక్టరుగారి ముందే చెప్తున్నా, ఎన్నిసార్లు లాక్కోవాలి నీ చేతిలోంచి?"

ఒక్కో మాటకీ అతని నోట్లోంచి, ముక్కులోంచి పొగ బయటికొచ్చింది.

డాక్టరమ్మ ఆ పొగనే చూసింది. తరవాత కాలిన నా వేలు చూసింది. వెనక వరండాలోంచి అత్తగారు, "పొద్దున్నే ఏమిట్రా నాయనా ఆ గోల, నీ సిగరెట్టు నువ్వు కాల్చుకోక" అంది.

ఈసారి నాకు దగ్గు రాలేదు. సిగరెట్టు మిషను మీద నేను ముందే పెట్టుకున్న సాసర్లో నలిపి, గోడ మీది కాగితం చూపించాను. అతను తన సంతకం తనే దగ్గరికెళ్ళి చూసుకున్నాడు. పదిహేడేళ్ళలో తను సంతకం పెట్టిన కాగితం అతను చదవడం అదే మొదలు. పెదాలు కదిలిస్తూ, చివరిదాకా చదివాడు.

డాక్టరమ్మ లేచింది. "ముందు మీ చీటీ మీద నేను రాసింది కొట్టేస్తానమ్మా. బహిరంగ స్థలంలో పొగ తాగారని ఫిర్యాదు కూడా నేనే ఇస్తాను. ఎవరికి రాయాలి?"

నేను మిషను ముందు నుంచి లేచి, టైపు బల్ల దగ్గర కూచుని, కాగితం ఎక్కించాను.

"మీరు చెప్పండి డాక్టరుగారూ, నేను కొడతాను" అన్నాను. "చర్య తీసుకోమని కింద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఎక్కడ పెట్టాలో నేను వేలు పెట్టి చూపిస్తాను."