వెనక మెట్ల మీద, నాలుగింటికి

మా ఆయన బస్సు డ్రైవరు. డిపోలో రోజుకో పెట్టె సిగరెట్లు ఊదేసేవాడు. నేను ఇంట్లోనే మిషను కుడతాను. నావి రోజుకి రెండే, అవీ వెనక మెట్ల మీద తలుపేసుకుని, దొంగచాటుగా. ఆయన తాగితే అలవాటు, నేను తాగితే అప్రతిష్ట. ఏం న్యాయమో!

ఆయన కాలు విరిగింది. నాలుగు నెలలైనా ఎముక అతకలేదు. పొగ తాగితే అతకదని, ఆరు వారాలు ఇంట్లో ఆ వాసనే ఉండకూడదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. అప్పటికీ అతక్కపోతే ఇక స్టీరింగు సంగతి మర్చిపొమ్మన్నాడు.

ఆయన ఇట్టే మానేశాడు. డిపోలో నలుగురూ వెలిగిస్తే కాదనలేక వెలిగించేవాడట. మంచం మీద పడి ఉంటే ఆ నలుగురూ ఏరీ? నావి మాత్రం రెండు కాస్తా ఎనిమిదయ్యాయి. మంచంలో ఆయన, మందడిగే అత్తగారు, లెక్కలు రావని ఏడ్చే కూతురు, గౌను ఇంకా కాలేదా అంటూ గుమ్మంలో నిలబడే వాళ్ళు. అందరికీ నేనే దిక్కు. మెట్లు బయటే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఇరవై మూడో రోజు ఆ తలుపు తెరుచుకుంది. చంకల్లో కర్రలతో ఆయన.

“వాసనకి ఉండలేకపోతున్నానే. ఒక్క దమ్ము ఇవ్వు.”

సిగరెట్టు మెట్టుకేసి నలిపేశాను. ఆ కాలు అతక్కపోతే పాపం నాదే. ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపమొచ్చింది.

“రుచని తాగుతున్నాననుకున్నావా? ఊరికే కూర్చుంటే ‘ఖాళీయే కదా, ఇది చూడు’ అంటారు. ఇది చేతిలో ఉంటే ఒక్కరూ తలుపు తియ్యరు. చూడ్డానికి మీకు సిగ్గు!”

నిజమే, ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండేవాళ్ళు. నోటితో అనేదాకా నాకే అర్థం కాలేదు, నేను తాగింది పొగ కోసం కాదని.

ఆయన కర్రలు తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు నాలుగింటికి నన్ను మెట్ల మీదికి పంపి, తలుపు మూసి, దానికి అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చున్నాడు. లోపలి మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. అత్తగారికి మందు తనే అందించాడు. కూతురికి లెక్క తప్పు చెప్పి దానిచేతే చివాట్లు తిన్నాడు. గౌను ఆవిడ వస్తే నేను పనిలో ఉన్నానన్నాడు. రోజూ అరగంట ఇదే వరస. మొదటి వారం నా వేళ్ళు ఊరుకోలేదు. చిక్కుపడ్డ దారాలు విప్పుకుంటూ గడిపాను. తర్వాత దారం కూడా అక్కర్లేకపోయింది.

ఆరు వారాలకి ఎముక అతుక్కుంటోందన్నాడు డాక్టరు. ఎంత సంతోషమో! ఇంటికొచ్చాక మాత్రం దిగులు పట్టుకుంది. ఈయన బస్సెక్కితే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?

ఆ సాయంత్రం ఆయన వీధిలో ఒంటి కర్రతో నడక నేర్చుకుంటున్నాడు. నేను మెట్ల మీద చెవులు రిక్కించి కూర్చున్నాను. గౌను ఆవిడ రానే వచ్చింది. లోపల కుర్చీ ఈడ్చిన చప్పుడు, వెంటనే అత్తగారి గొంతు.

“కోడలు ఖాళీగా కూర్చుందమ్మా. నాలుగున్నరకి రా.”