నేసేవాళ్ల పేరు

"తిరుగుబాటు అంటే ఏందమ్మా? సొంత వాక్యం రాయాల్నట," అని సాత్విక అడిగినప్పుడు నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాను. ఎనిమిదో తరగతి పిల్ల. ప్రజలు రాజుపై తిరుగుబాటు చేశారని గైడులో ఉన్నది రాసుకుపోతే టీచరు కొట్టేసి, ఇంట్లో మాట్లాడుకునే వాక్యం రాసుకురమ్మందట. నేను రాట్నం ఆపి ఆలోచించేలోపే మంచం మీద నుంచి మా అత్తమ్మ అనసూర్య అందుకుంది.

"దానికి గంత సోచాయించుడు ఎందుకే? మా అమ్మ రోజు మా నాయినకు ఎదురు తిరుగుతది అని రాయి."

తనే నవ్వింది. సాత్విక కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. పిల్ల నవ్వినందుకే ఎక్కువ మండింది.

పదిహేనేళ్లుగా ఈ ఇంట్లో ఆ మాటను నా ఒక్కదాని కోసమే అట్టిపెట్టారు. జ్వరమొచ్చి, మాత్ర వేసుకోవాలని మా ఆయన కంటే ముందు రెండు ముద్దలు తింటే ఎదురు తిరిగినట్టు. కోహెడలో మా అక్క ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే, రెండు రోజులు ఉండి వస్తానంటే ఎదురు తిరిగినట్టు. కూరలో ఉప్పు సరిగ్గానే ఉందన్నా అంతే. ఆయన కంచం విసిరికొడితే దాన్ని కోపం అంటారు. అత్తమ్మ వారం రోజులు మాట్లాడకపోతే మనసు నొచ్చుకుంది అంటారు. నేను ఒక్క పూట ముఖం ముడుచుకుంటే మాత్రం ఎదురు తిరగడం. ఒకే పనికి ఇంతమందికి ఇన్ని పేర్లు ఎలా వచ్చాయో ఏ గైడులోనూ ఉండదు.

అసలు నా బాధంతా మగ్గంతోనే. మేం గొల్లభామ చీరలు నేస్తాం. నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామ మా చీర కొంగు మీద వరసగా నిలబడుతుంది. మా ఆయన రమాకాంత్ నడుము నొప్పని మగ్గం గుంటలోంచి లేచి, గజ్వేల్‌లో బట్టల దుకాణంలో పనికి కుదిరి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఈ ఇంట్లో ప్రతి చీరా నేనే నేశాను. వంటయ్యాక కూర్చుంటాను, పిల్ల బడి నుంచి వచ్చేసరికి లేస్తాను. అయినా నేత కార్డు మీద ఫొటో ఆయనదే. నా గుర్తింపు కాగితాలన్నిట్లో గృహిణి అని ఉంటుంది. మగవాడు నేయాలి, ఆడది కండెలు చుట్టాలి అనేది మా ఇంటి పద్ధతి. అందుకని ఎవరైనా గడప తొక్కితే చాలు, నేను మగ్గం మీది నుంచి లేచి రాట్నం ముందుకు వచ్చేస్తాను. దొంగతనం చేస్తున్నదానిలా.

ఆ వారమే, ఆదివారం నాడు, మగ్గాల వివరాలు రాసుకోవడానికి చేనేత ఆఫీసు నుంచి దేవరాజు అనే ఆయన వస్తున్నాడు. ఎవరు నేస్తే వాళ్ల పేరే రాస్తామని, ఒకసారి రాశాక అయిదేళ్లదాకా మార్చేది లేదని ఫోన్‌లో ముందే చెప్పాడు. ముందురోజు ధైర్యం చేసి రమాకాంత్‌ను అడిగాను.

"ఈసారి నా పేరు రాపియ్యుండ్రి."

"ఎవరి పేరుంటే ఏంది? ఇల్లు ఒక్కటే గదా."

"ఒక్కటే అయితే నాదే ఉండనియ్యుండ్రి."

"ఎదురు తిరుగుతున్నవా?"

"అయ్యో, ఊకెనే అన్న."

ఆ మూడు మాటలు నా నోట్లోంచి ఎంత తొందరగా వచ్చాయో తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

దేవరాజు వచ్చేసరికి రమాకాంత్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. మగ్గం మీద నా చీర ఉంది, బొమ్మ సగంలో ఉంది. నేను చాయ్ తీసుకుని వచ్చాను.

"జర నాలుగు వరుసలు నేయి అన్నా, వీడియో తీయాలె," అని దేవరాజు ఫోన్ పైకెత్తాడు.

బొమ్మ నేసేటప్పుడు ప్రతి వరుసకూ పోగులు లెక్కపెట్టి వేలితో ఎత్తాలి, రంగు నూలు దూర్చాలి, ఆ తర్వాతే అడ్డపోగు ఉన్న నాడె విసరాలి. రమాకాంత్ అదంతా మరిచిపోయి నాడెను నేరుగా విసిరేశాడు. కంగారులో కాలి కింది పలకను గట్టిగా తొక్కాడు. రెండు పోగులు పుటుక్కున తెగాయి.

"కుండ కాడ ఎన్ని పోగులు ఎత్తుతరన్నా?" అన్నాడు దేవరాజు.

రమాకాంత్ నా వైపు చూశాడు. పోయినసారి ఎవరో అడిగినప్పుడు కూడా ఇలాగే చూశాడు. అప్పుడు నేను తలుపు చాటు నుంచి వేళ్లు చూపించాను, ఆయన చూసి చెప్పాడు. ఈసారి చాయ్ పళ్లెం వదలకుండా అలాగే నిలబడ్డాను. ఆయన కళ్లు పెద్దవి చేశాడు. నేను చూడనట్టే ఉన్నాను.

"పోగులు తెగినయి చూడు ప్రవీణా, జర ముడెయ్యి. మా కొడుకు నేసుకుంటడు," అంది అత్తమ్మ.

నా చీర చెడగొట్టి, మళ్లీ నా చేతనే బాగుచేయించి, పేరు మాత్రం ఆయనది రాయించుకుంటారన్నమాట. పళ్లెం కింద పెట్టాను.

"లేవుండ్రి," అన్నాను రమాకాంత్‌తో. "అది నా జాగ."

"బయటోళ్ల ముంగట ఎదురు తిరుగుతున్నవా?"

"ఔ."

ఆ మాట నేనే అన్నానా అనిపించింది. మూలన హోంవర్క్ రాసుకుంటున్న సాత్విక పెన్ను ఆపి నన్ను చూస్తోంది. దేవరాజు ఫోన్ దించకపోయేసరికి రమాకాంత్ లేచి పక్కకు జరిగాడు. నేను గుంటలోకి దిగి, తెగిన పోగులు పట్టుకున్నాను. ముడి రెండుసార్లు జారింది. మూడోసారి పడింది. తప్పు పడ్డ వరుస విప్పేసి, పోగులు ఎత్తి, ఎర్ర నూలు దూర్చి నాడె వేశాను. ఒక వరుస, రెండు, మూడు.

దేవరాజు కాగితం తీశాడు.

"మా ఆమెనే సార్," అన్నాడు రమాకాంత్, నవ్వు తెచ్చుకుంటూ. "జర నాకు సాయం చేస్తది, గంతే."

"నేసేటోళ్ల కాడ ప్రవీణ అని రాయుండ్రి సార్," అన్నాను నాడె ఆపకుండా. "కింద సాయం చేసేటోళ్ల గడి ఉంటది గదా, అండ్ల ఈయన పేరు రాయుండ్రి."