ఆకురాయి పట్టిన చోటు

ఎనిమిదేళ్లు కిరసనాయిల్లో పళ్ళచక్రాలు కడిగిన కోడలికి పెద్దమేస్త్రి ఒక పూర్తి గేరుబాక్సు అప్పగించాడంటే మాటలు కాదు. కన్నకొడుక్కే ఇవ్వలేదాయన. కొడుకు రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడం కన్నా లారీ తోలుకోవడం మేలనుకుని తన దారి తను చూసుకున్నాడు. అలాంటి మనిషి, పోయిన నెల ఒక పాతకాలపు స్పోర్ట్స్ కారు షెడ్డులోకి రాగానే దాని గేరుబాక్సు కిందికి దింపి, చేతులు తుడుచుకుని, "ఇది నువ్వు కట్టమ్మాయ్," అన్నాడు. అని ఊరుకున్నాడా? ఊరుకుంటే ఆయన పెద్దమేస్త్రి ఎందుకవుతాడు!

"ఒక్కటే మాట. నువ్వు కట్టింది మళ్ళీ విప్పాల్సి వచ్చిందో, ఇక బెంచీ వైపు చూడొద్దు."

కోడలు తలూపింది. గేరుబాక్సుని ఆ షెడ్డులో పెట్టె అనే అంటారు. ఆ పెట్టె కోడలి కన్నా వయసులో పెద్దది. విప్పి చూస్తే పళ్ళన్నీ నిక్షేపంగా ఉన్నాయి, అడుగునున్న లేషాఫ్టు మాత్రం గుంటలు పడింది. లేషాఫ్టంటే బొటనవేలు లావున ఉండే ఉక్కు కడ్డీ. దాని చుట్టూ సన్నటి రోలర్లు తిరుగుతాయి, రోలర్ల మీద గేర్ల గుత్తి తిరుగుతుంది. కంపెనీవాళ్ళు ఆ కారునే మర్చిపోయారు, ఇక కడ్డీ ఎక్కడ చేస్తారు? బయటివాళ్ళు చేసిన డూప్లికేటే గతి. రెండు తెప్పించారు. ఒకటి వెయ్యడానికి, ఒకటి అటక మీదికి.

బయటి సరుకుకి పెద్దమేస్త్రి పెట్టే పరీక్ష ఒకటుంది. ఆకురాయి తీసుకుని షాఫ్టు చివర ఒక్కసారి రాస్తాడు. ఉక్కు గట్టిదైతే ఆకురాయి జారిపోతుంది, మెత్తదైతే కరుస్తుంది. చివరే ఎందుకు రాయాలంటే, రోలర్లు తిరిగే నడిమి భాగం మీద గీత పడిందా, షాఫ్టుని చేజేతులా పాడు చేసుకున్నట్టే. "నడుం ముట్టుకున్నావో, చేతులు విరగ్గొడతా," అనేది ఆయన పాఠం. అంతకు మించి వివరంగా పాఠం చెప్పడం ఆయన జాతకంలో లేదు. కోడలు అలాగే చివర రాసింది. గాజు మీద గోరు జారినట్టు జారింది. పక్కన నిలబడ్డ ఆయన "ఊఁ" అన్నాడు.

ఆ తర్వాత కోడలు నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. బయటి వాషర్లు వెంట్రుకవాసి మందంగా వస్తే, గాజుపలక మీద సన్నటి ఉప్పుకాగితం పరిచి, కొలుస్తూ అరగదీసింది. రోలర్లని ఒక్కొక్కటే గ్రీజులో అతికించి, డమ్మీ కడ్డీతో నిలబెట్టి, వెనకనుంచి అసలు షాఫ్టుని ఊపిరి బిగబట్టి తోసింది. మూత బిగించి చేత్తో తిప్పితే, అబ్బ, వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగింది.

ఇవాళ పొద్దున పెద్దమేస్త్రి ఆ కారు తీసుకుని కొండ రోడ్డెక్కాడు. కొత్తగా కట్టిన ప్రతి పెట్టెకీ అది తప్పదు. కొండపైదాకా ఎక్కుతాడు. అక్కడ పావుగంట ఇంజను ఆపి కూర్చుంటాడు. తర్వాత బ్రేకు మీద కాలు పెట్టకుండా, గేర్ల పట్టు మీదే మలుపులన్నీ దిగుతాడు. ఫోను షెడ్డులోనే వదిలేస్తాడు, పెట్టె చెప్పేది వినాలి కదా!

"నేను పక్కన కూర్చుని పిలిస్తే వినబడదు గానీ, మైలు దూరంలో గేరు పన్ను విరిగితే వినబడుతుంది మహానుభావుడికి," అంటుంది అత్తయ్య. అందులో అబద్ధమేమీ లేదు.

ఆయన వెళ్ళిన కాసేపటికి కోడలు మిగిలిన షాఫ్టుకి నూనె పూసి కాగితంలో చుట్టబోయింది. నూనె చేతులు కదా, జారింది. జారి పోయి పోయి కింద ఉన్న, ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మ అంచు మీద పడి, టంగుమని మోగి, దొర్లింది. కోడలు వంగి తీసి గుడ్డతో తుడిచింది. సరిగ్గా నడిమి భాగంలో చిన్న నొక్కు.

ముందు తిట్టుకుంది. తర్వాత చెయ్యి ఆగిపోయింది. గట్టిపరిచిన ఉక్కు దాగలి మీద పడితే దాగలికి నొక్కు పడాలి గానీ, దానికి పడటమేమిటి?

ఆకురాయి తీసింది. నడుం ముట్టుకోకూడదన్న మాట గుర్తుంది. అయినా రాసింది. ఆకురాయి కరిచింది. వెండి పొడి బెంచీ మీద రాలింది. చివర రాసి చూసింది, జారింది. మళ్ళీ నడుమ రాసింది, కరిచింది. ఓరి నాయనో! దాన్ని చేసిన పుణ్యాత్ములు పైన గట్టి పొర కట్టించి, ఆ తర్వాత కొలత కోసం నడుముని సానబట్టి, ఉన్న పొర కాస్తా గీకేశారు. గట్టిదనమంతా చివర్లలో మిగిలింది. రోలర్లు తిరిగే చోట మెత్తటి ఇనుము.

పెట్టెలో ఉన్నదీ దీని జంటే. ఒకే డబ్బాలో వచ్చినవి. మెత్తటి షాఫ్టు మీద బరువు పడితే పెచ్చులు లేస్తుంది. పెచ్చులు రోలర్ల మధ్య ఇరుక్కుంటే పెట్టె పట్టేస్తుంది. ఎక్కేటప్పుడు పట్టేస్తే బండి ఆగుతుంది, అంతే. దిగేటప్పుడు మలుపులో పట్టేస్తే వెనక చక్రాలు బిగుసుకుపోతాయి. పక్కన లోయ.

అయినా మనిషి బుద్ధి ఎంత పాడుదో చూడండి. ఆ క్షణంలో కోడలికి ముందు గుర్తొచ్చింది లోయ కాదు, బెంచీ. చెప్పిందా, పెట్టె విప్పాలి. విప్పితే ఇక జన్మంతా కిరసనాయిలే. ఎక్కినవాడు దిగలేడా ఏమిటి, ఒక్కరోజుకే పెచ్చులు లేస్తాయా ఏమిటి అనుకుంటూ చేతులు వాటంతటవే షాఫ్టుని కాగితంలో చుడుతున్నాయి. సగం చుట్టాక తన చేతుల్ని తనే చూసుకుంది. ఛీ అనిపించింది. ఒళ్ళంతా సిగ్గుతో మండింది.

షాఫ్టూ ఆకురాయీ సంచీలో పడేసి స్కూటరు తాళం లాక్కుంది.

"ఎక్కడికే అంత హడావిడిగా?" అని లోపల్నుంచి అత్తయ్య కేకేసింది.

"మావయ్య దగ్గరికి!"

"ఆయనెక్కడికి పోతాడే, గంటలో వస్తాడుగా!"

కోడలు అప్పటికే స్కూటరు స్టార్టు చేసింది.

స్కూటరు కొండెక్కనని మొరాయించింది. ప్రతి మలుపులోనూ కోడలు ముందు రోడ్డు వంక చూడలేదు, అంచున ఉన్న రాళ్ళ వంక చూసింది. ఏ రాయైనా కొత్తగా విరిగిందా, మట్టి మీద టైరు జాడ ఉందా అని. ఐదో మలుపు దాటింది. ఆరు. ఎదురుగా ఏదో ఇంజను చప్పుడు వినబడి పైప్రాణాలు పైనే పోయాయి. పాల వ్యాను. "అత్తయ్యకి ఏం మొహం చూపించను?" అని పైకే అనేసింది.

పైన కార్లు ఆపే ఖాళీస్థలం కనబడేసరికి ఆ రెండు సీట్ల కారు అప్పుడే కదిలి రోడ్డు మీదికి వస్తోంది. కోడలు ఆలోచించలేదు. స్కూటరు తీసుకెళ్ళి దానికి అడ్డంగా పెట్టేసింది. కారు కీచుమని జానెడు దూరంలో ఆగింది.

"బుద్ధుందా నీకు? చద్దామనుకున్నావా, నన్ను చంపుదామనుకున్నావా?" పెద్దమేస్త్రి తలుపు తోసుకుని దిగాడు.

"దిగకండి మావయ్యా. కొండ దిగకండి. షాఫ్టు మెత్తది."

"ఎవరు చెప్పారు?"

"నేనే. నడుమ రాసి చూశాను."

"నడుమ రాశావా!" ఆయన మొహం జేవురించింది. "నేనేం చెప్పాను నీకు?"

"చివర రాయమన్నారు. చివర జారింది. మీరూ చూశారుగా." కోడలు ఆగలేదు. "నన్ను మళ్ళీ బెంచీ దగ్గరికి రానివ్వకపోయినా సరే. ముందు ఇది చూడండి."

సంచీలోంచి రెండూ తీసి ఇచ్చింది. పెద్దమేస్త్రి రోడ్డు పక్కన పిట్టగోడ మీద కూర్చుని, షాఫ్టుని మోకాళ్ళ మధ్య పెట్టుకుని చివర రాశాడు. తర్వాత, జీవితంలో మొదటిసారి, నడుమ రాశాడు. పొడి ఆయన ప్యాంటు మీద రాలింది. వేలితో అద్ది ఎండలో చూశాడు. ఇంకోసారి రాశాడు. మూడోసారి రాయలేదు.

కోడలు తిట్లకి సిద్ధపడి నిలబడింది. తిట్లు రాలేదు. ఆయన మొహంలో కోపమంతా ఎటో పోయి, నెత్తురుచుక్క లేకుండా పాలిపోయింది.

"ఈ డూప్లికేటు కంపెనీ షాఫ్టులు మనకి ఎప్పట్నించి వస్తున్నాయమ్మాయ్?"

"పోయిన ఏడాది వానల ముందు నుంచి."

"అప్పట్నించి నేను కట్టినవెన్ని?"

కోడలికి ఆ ప్రశ్న అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తన పెట్టె ఒక్కటే అనుకుంది ఇందాకటి దాకా.

ఆయనే వేళ్ళు మడిచాడు. "పళ్ళ డాక్టరుగారిది. జడ్జిగారిది. సంగీతం టీచరమ్మది. అన్నదమ్ములిద్దరివీ రెండు. ఫొటో స్టూడియో ఆయనది. వాచీల కొట్టాయనది." ఏడో వేలు దగ్గర ఆగాడు. "వాచీలాయన ఇవాళ పొద్దున్నే పిల్లల్నేసుకుని ఆనకట్ట చూడ్డానికి పోతానన్నాడు. నిన్ననే చెప్పాడు, పెట్రోలు బంకులో. నేనే చెప్పాను, నిశ్చింతగా వెళ్ళు, పెట్టె నేను కట్టానుగా అని."

ఆనకట్ట దారిలో ఎన్ని మలుపులున్నాయో ఇద్దరికీ తెలుసు.

ఖాతాదారుల నంబర్లన్నీ కోడలి ఫోనులోనే ఉన్నాయి. ఆత్రంగా తీసింది. "నేను మాట్లాడతాను మావయ్యా. డూప్లికేటు సరుకులో లోపమొచ్చిందని చెప్తాను."

"సరుకు వాళ్ళది. సరే. ఆకురాయి ఎవరిది?" ఆయన చెయ్యి చాపాడు. "ఇటివ్వు. నువ్వు కట్టింది నువ్వే విప్పి, నువ్వే మళ్ళీ కట్టు. నాకు ఏడున్నాయి."

వాచీలాయన ఫోను మోగింది. మోగుతూనే ఉంది. పెద్దమేస్త్రి లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. ఎత్తరేమో అనుకునేంతలో అవతల పిల్లల కేరింతలు వినబడ్డాయి.

"అయ్యా, నేను గేరుబాక్సు మేస్త్రిని. ఎక్కడున్నారు? పక్కకి ఆపండి. ఉన్నపళంగా ఆపండి, మాట తర్వాత." అవతల ఇంజను చప్పుడు ఆగేదాకా ఊపిరి తీసుకోలేదాయన. "ఆగిందా? పిల్లల్ని దింపెయ్యండి. ఆ బండి ఇక కదపొద్దు, నేనే ఇంకో బండికి కట్టి లాక్కొస్తాను. లేదండీ, మీరేం చెయ్యలేదు. పెట్టె నేను కట్టాను. తప్పు నాది."

ఆ మాట ఆయన నోట కోడలు వినడం ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. ఆయన ఇంకా ఆరుసార్లు చెప్పాలి. కోడలు జడ్జిగారి నంబరు వెతికింది.