ఎడమ చెవి పాట

నగరి మరమగ్గాల షెడ్డులో పనిచేసే దేవరాజులుకు, పక్క మగ్గం ఖలీల్‌కు డిసెంబరు వచ్చిందంటే ఒకటే గొడవ. ఆ ఏడాది వచ్చిన పాటల ఆల్బముల్లో మేటి పది ఏవో తేల్చి, కాగితం మీద రాసి షెడ్డు గోడకు అంటించాలి. రాయమన్నవాడు లేడు, చదివేవాడు లేడు. అయినా పదేళ్లుగా ఇద్దరికీ అదే పెద్ద పరీక్ష.

మగ్గాలు ఆడుతుంటే పిడుగు పడినా వినపడదు. కరెంటు పోయినప్పుడే పాట. ఉన్నది ఒకటే ఇయర్‌ఫోన్ల జత. ఎడమది ఎడమవైపు కూర్చునే ఖలీల్‌కు, కుడిది దేవరాజులుకు. ఇద్దరూ కలిసి వినందే ఏ ఆల్బమూ లెక్కలోకి రాదు.

మార్చిలో ‘తడి ఇసుక’ అనే ఆల్బమ్ దగ్గర మాటామాటా పెరిగింది.

“ఆ వేణువు సూడబ్బా, ప్రాణం లాగేస్తాది” అన్నాడు ఖలీల్.

“వేణువు యాడుండాది? ఉత్త డప్పే!” అని దేవరాజులు లెక్కలోంచి ఆ పేరు కొట్టేశాడు.

ఆగస్టులో ఖలీల్ గుండె ఆగిపోయింది. దేవరాజులు మట్టి వేసి వచ్చి, మర్నాడు మగ్గం దగ్గర నిలబడ్డాడు. ఏడవలేదు. తింటున్నాడు, పడుకుంటున్నాడు, ఏదీ తనది కానట్టే ఉంది. పాట జోలికి పోలేదు. వీడు బండరాయి అని జనం అంటే, కాబోలు అనుకున్నాడు.

భర్త పోయాక ఇల్లు కదలకుండా ఉండాల్సిన నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ డిసెంబరులో ముగిసి గడప దాటగానే ఖలీల్ భార్య నజ్మా షెడ్డుకొచ్చింది. ఇంట్లో ఉండిపోయిన ఇయర్‌ఫోన్లు అతని చేతిలో పెట్టింది.

“గోడ బోడిగా ఉండాదన్నా. ఆయనుంటే ఊరుకునేవాడా?”

“నా వల్ల కాదమ్మా.”

“ఒక్క పేరన్నా రాయన్నా” అని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. దేవరాజులు అలవాటుగా కుడిది పెట్టుకున్నాడు. ఎడమది ఒళ్లో పడి ఉంది. ఎవరికివ్వాలో తెలియక కాసేపు చూసి, తన చెవిలోనే పెట్టుకుని ఫోన్లో ‘తడి ఇసుక’ నొక్కాడు.

కుడివైపు అదే డప్పు. ఎడమవైపు వేణువు.

పదేళ్లు చెరో సగం విని, పాటంతా విన్నామని కొట్టుకున్నారు మహానుభావులు! చెవులు మార్చుకుందామన్న బుద్ధి ఒక్కడికీ పుట్టలేదు. అది తెలిశాక కూడా అతనికి ఏడుపు రాలేదు.

కాగితం తీసి ఒకటో నంబరు దగ్గర ‘తడి ఇసుక’ అని రాశాడు. రెండో నంబరు వేసి ఆగిపోయాడు. మిగతావన్నీ సగం విన్నవే.

“నువ్వు సెప్పిందే నిజమబ్బా” అన్నాడు ఎడమవైపు తిరిగి. అంతలో కరెంటు వచ్చి మగ్గాలన్నీ ఆడసాగాయి. ఆ మాట అతనికే వినపడలేదు.