ఏరోప్లేన్ మంగళం

మా ఇంట్లో భోజనాల బల్ల మా ఆయనకు విమానాల కార్ఖానా అయిపోయింది. మేమంతా నేలమీద కూర్చుని తింటున్నాం. ఆయన ముకుందన్, కరెంటాఫీసులో ఉద్యోగం. ఇంటికొచ్చి చెప్పులు విప్పడం ఆలస్యం, పట్టకారు పట్టుకుని కూర్చుంటారు. ప్యారిస్‌లో ఉండే స్నేహితుడు సెలవులకొస్తూ తెచ్చిచ్చిన పెట్టె అది. రెండో ప్రపంచయుద్ధంలో నీళ్ళమీద వాలిన కేటలీనా అనే విమానం, అంతా ప్లాస్టిక్ ముక్కలు. కొన్నయితే జీలకర్ర గింజంత. ఏదైనా కింద పడిందంటే అది దొరికేదాకా నేను చీపురు ముట్టకూడదు. ఇల్లు పీకి పందిరి వేయడమంటే ఇదేనని సణుగుతూనే, వంటింట్లోంచి ఒక కన్ను అటే వేసి ఉంచేదాన్ని. అంత పెద్ద రెక్క ఆ సన్నటి మెడమీద ఎలా నిలబడుతుందో నాకూ చూడాలనే ఉండేది.

పెట్టె మీది బొమ్మ చూడగానే మా అత్త మంగళం కూర్చున్నచోటి నుంచి లేచి వచ్చింది.

“ముకుందా, ఇదేరా! మన బాహూరు చెరువులో దిగింది ఇదే.”

ఆయన పకపకా నవ్వారు. “పోయినేడు పేపర్లో హెలికాప్టర్ని చూసి గూడా ఇదే అంటివి కదమ్మా.”

అత్త తిరిగెళ్ళి తన చోట్లో కూర్చుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నాకు ఒళ్ళు మండింది.

ఆ కథ మా ఇళ్ళలో అందరికీ తెలుసు. యుద్ధం రోజుల్లో, అత్త చిన్నపిల్లగా ఉన్నప్పుడు, మిట్టమధ్యాహ్నం ఒక విమానం ఆమె పుట్టినూరు బాహూరు మీదుగా పోయింది. ఆ చప్పుడు అందరూ విన్నారు. అది చెరువు అవతలి కొసన, తుంగ వెనకాల దిగిందని అత్త ఒక్కతే చెప్పింది. దిగే ముందు రెక్కలు విరిగాయనీ, మనుషులు పైకెక్కి ఏదో బాగుచేసుకున్నారనీ, మళ్ళీ లేచిపోయాక విరిగిన రెక్కలు వాటంతటవే అతుక్కున్నాయనీ చెప్పింది. రెక్కలు అతుక్కోవడం దగ్గర ఊరంతా నవ్వింది. అన్న పట్టాభిరామన్ కూడా తనతోనే ఉన్నాడని ఆమె అంటే, కళ్ళంలో వడ్లకు కాపలా ఉన్న ఆ అన్న, తను అక్కణ్ణుంచి కదల్లేదన్నాడు. వాళ్ళ నాయన కొడుకు మాటే నమ్మి కూతుర్ని కొట్టాడు. అప్పట్నుంచీ ఆమె ‘ఏరోప్లేన్ మంగళం’. ఆ పేరు పెళ్ళితో పాటు పుదుచ్చేరికీ వచ్చింది. ఇప్పటికీ ఆమె ఏం చెప్పినా, కూరలో ఉప్పు చాల్లేదన్నా సరే, బంధువుల్లో ఎవరో ఒకరు రెండు చేతులూ రెక్కల్లా చాపుతారు.

ఒక ఆదివారం నేను ఆ బల్ల తుడుస్తూ, ముక్కలు అతికించే పద్ధతి చూపే కాగితం చేతిలోకి తీసుకున్నాను. రాతంతా నాకు రాని భాషల్లో ఉంది. ఒకచోట మాత్రం రెక్క కొసను రెండు రకాలుగా గీశారు.

“ఇదేంది, ఒక బొమ్మలో రెక్క తిన్నగా ఉండాది, ఇంకోదాంట్లో కొస కిందికి ఏలాడతా ఉండాది?”

“అవి తేలే తొట్లు. నీళ్ళమీద పక్కకి ఒరగకుండా దిగేముందు కిందికి దించుతారు. లేచినాక మళ్ళీ మడిస్తే రెక్కతో కలిసిపోతాయి. నేను ఫ్యాను పక్కన ఏలాడగడతాను కదా, మడిచినట్టే అతికి…”

ఆయన మాట అక్కడే ఆగిపోయింది. అత్త చెప్పే విరిగిన రెక్కలు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఆయన అమ్మను పిలవబోతే ఆపి, కాగితాన్ని బోర్లించాను. ముందు అడగాలి, తర్వాతే చూపించాలి.

“అత్తా, ఆ విమానం రెక్కలు యాడ విరిగినాయి?”

అత్త నా ముఖం అనుమానంగా చూసింది. ఎగతాళి కాదని నమ్మకం కుదిరాకే నోరు విప్పింది. “కొసల్లో. రెండు పక్కలా. ఒక్కోదానికింద చిన్న పడవ మాదిరి ఏలాడతా ఉండింది.”

“నీళ్ళు తగిలినాకనా?”

“తగలకముందే. అందుకే కదా పడిపోతుందని నేను అరిచింది.”

మా ఆయన కాగితం తిప్పి ఆమె ముందు పెట్టారు. “అమ్మా, నువ్వు చెప్పింది పొయ్ కాదు. నిజమే.”

“అది నిజమని నాకు తెలీదా?” అంది అత్త. బొమ్మను వేలితో తడిమింది. “జిగురు ఎప్పుడు ఆరతాది? బాహూరు పోవాల.”

తొట్లను కిందికి దించే అతికించారు. రంగు ఆరాక, విమానాన్ని మిఠాయి డబ్బాలో దూదిమీద పడుకోబెట్టి బాహూరు బస్సెక్కాం. దారంతా అత్త ఆ డబ్బాను ఒళ్ళోంచి దించలేదు. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా మా ఆయన కళ్ళు మూసుకున్నారు.

పట్టాభి మామ తిన్నెమీద కూర్చుని ఉన్నాడు. అత్త క్షేమం కూడా అడగకుండా విమానం తీసి అన్న ముందు పెట్టింది. మామ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అతని వేలు తిన్నగా ఎడమ రెక్క కొసకు పోయి, కింద వేలాడే తొట్టిని తాకింది.

“ఇది విరిగిందనే కదా నువ్వు అట్లా అరిస్తివి,” అన్నాడు మెల్లగా. “ఎవరన్నా వింటే, కళ్ళం ఇడిసి వచ్చినానని నాయనకి తెలస్తాదని నీ నోరు మూసినాను.”

“మూసినావు. ఆ చెయ్యి ఇంకా తియ్యలేదు, అన్నా.”

మా ఆయన నావైపు చూడలేక వీధిలోకి చూస్తున్నారు.

మామ కళ్ళజోడు తీసి లోపలికి కేకేశాడు. కొడుకులు, కోడళ్ళు, పిల్లలు అందరూ వచ్చారు. విమానాన్ని చూడగానే ఒక మనవడు అలవాటు ప్రకారం చేతులు చాపబోయాడు. మామ వాణ్ణి కసిరాడు.

“మీ అవ్వ చెప్తాది, అందరూ ఇనండి.”

“నేను ఇన్నాళ్ళూ చెప్తానే ఉండాను,” అంది అత్త, తిన్నెమీద చీర సర్దుకుని కూర్చుంటూ. “ఇప్పుడు నువ్వు చెప్పన్నా.”